కొలత మరిచిన బొమ్మ, కొలత మోసిన బొమ్మ

ముదిగుబ్బ చుట్టుపక్కల పల్లెల్లో వేరుశనగ చేల గట్టు మీద తగాదా వచ్చిందంటే రెండు వైపుల వాళ్లూ వెతికేది ఒకే కాగితం: ఎఫ్‌ఎంబీ. ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్ అన్న పూర్తి పేరుతో ఎవరికీ పని లేదు. ఎఫ్‌ఎంబీ తీయించు, సర్వేయరును పిలిపించు అంటే చాలు. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పేజీ. పేజీ నిండా ఒక వంకరటింకర బహుభుజి. దాని మూలల్లో హద్దు రాళ్ల గుర్తులు. ఒక రాయి నుంచి ఎదుటి రాయికి పొడుగ్గా ఒక గీత. ఆ గీత మీది నుంచి కుడికీ ఎడమకీ లంబంగా చిన్న గీతలు, ప్రతి గీత పక్కనా ఒక అంకె. రైతుకు అది పొలం. లెక్కల మాస్టారు చూస్తే రేఖాగణితం పాఠంలోంచి ఊడిపడ్డ పేజీ.

ఆ పొడుగు గీతను సర్వే వాళ్లు జి-లైన్ అంటారు, దాని నుంచి బయల్దేరే లంబాలను ఆఫ్‌సెట్లు అంటారు. గొలుసును జి-లైన్ వెంట పరుచుకుంటూ పోతారు. గట్టు వంపు సరిగ్గా ఎదురుగా వచ్చిన చోట ఆగి రెండు అంకెలు రాసుకుంటారు: గీత మొదలు నుంచి ఇక్కడికి ఎంత, ఇక్కడి నుంచి ఆ వంపుకు ఎంత. కింది నుంచి పైకి మెట్లు మెట్లుగా నమోదయ్యే ఈ అంకెల వరసకు ల్యాడర్ అని పేరు. పక్కపక్క ఆఫ్‌సెట్ల మధ్య సమలంబ చతుర్భుజాలు ఏర్పడతాయి, కొసల్లో లంబకోణ త్రిభుజాలు మిగులుతాయి. అన్నిటి వైశాల్యాలూ కూడితే ఎకరాలు, సెంట్లు తేలతాయి.

ఇందులో అసలు ఆస్తి బొమ్మ కాదు, అంకెలు. కాగితం చిరిగిపోయినా, చెదలు తిన్నా, ల్యాడర్ ఒక్కటి మిగిలితే ఆ చేనును ఎన్నడూ చూడని మనిషి కూడా స్కేలు, పెన్సిలు పట్టుకుని మళ్లీ గీసేయగలడు. కావలసిన సైజులో గీయగలడు. పొరుగున తమిళనాడులో నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ (ఎన్‌ఐసీ) తయారుచేసిన కొల్లాబ్‌ల్యాండ్ అనే సాఫ్ట్‌వేర్ చేసేది ఇదే. పాత ఎఫ్‌ఎంబీ పేజీని ఫొటో తీసి దాచుకోవడంతో సరిపెట్టకుండా ల్యాడర్ అంకెలను ఎక్కిస్తే బొమ్మను అదే గీస్తుంది.

గణితం పుస్తకాల్లో, పరిశోధన పత్రాల్లో బొమ్మలు వేసే సాధనాల చరిత్రంతా చూస్తే పెన్నులు, రేకులు, కంప్యూటర్లు ఎన్ని మారినా బొమ్మలు మాత్రం రెండే జాతులు. ఒక జాతి బొమ్మ తన కొలతను తనతో మోస్తుంది. రెండోది గీసిన మరుక్షణం కొలతను మరిచిపోయి ఉత్త ఆకారంగా మిగులుతుంది. ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని నేడు లెక్కల లెక్చరర్లు వాదించుకునేది చివరికి ఈ తేడా దగ్గరికే వచ్చి ఆగుతుంది. అనంతపురం సీమలో ఈ రెండు జాతులకూ రెండు వందల ఏళ్ల పైబడిన ఉదాహరణలు ఉన్నాయి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురాన్ని కేంద్రం చేసుకుని 1807 దాకా పనిచేశాడు. పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారని ఇప్పటికీ సీమలో చెప్పుకుంటారు. ఆయన సర్వేయర్ల చేతికి ఇచ్చింది 33 అడుగుల గొలుసు. ఆ సంఖ్య వెనుక లెక్క ఉంది: 33 అడుగుల భుజం గల చతురస్రం 1,089 చదరపు అడుగులు, అంటే ఒక గుంట. అలాంటివి 40 కలిస్తే 43,560 చదరపు అడుగులు, కచ్చితంగా ఒక ఎకరం. అయితే మన్రో సర్వే మిగిల్చింది ప్రధానంగా లెక్కల రిజిస్టర్లనే. అంకెలున్నాయి, పొలం ఆకారం మాత్రం కరణాల జ్ఞాపకంలోనే ఉంది.

సరిగ్గా అదే కాలంలో ఇంకో బ్రిటిష్ అధికారి విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధార రేఖ కొలిచి, దేశమంతా త్రిభుజాలు అల్లడం మొదలుపెట్టాడు. అర టన్ను బరువున్న థియోడలైట్‌ను కొండల మీదికి ఎక్కించి కోణాలు తీసుకుంటూ ఉత్తరానికి కదిలిన ఆయన 1811లో గుత్తి దగ్గర మళ్లీ ఒక ఆధార రేఖ కొలిచాడు. త్రిభుజాల గొలుసు ఎంత దూరం పోతే అంత తప్పు పేరుకుంటుంది కాబట్టి, మధ్యలో ఒక భుజాన్ని నేల మీద నేరుగా కొలిచి లెక్కతో సరిచూసుకోవడానికి ఈ రేఖ. లాంబ్టన్ వ్యాసాలు కలకత్తాలో ఏషియాటిక్ రిసెర్చెస్ సంపుటాల్లో అచ్చయ్యాయి. త్రిభుజాల పటాలను రాగి రేకు మీద చెక్కి, విడి పలకలుగా అచ్చువేసి పుస్తకానికి కలిపి కుట్టారు. చదివేవాడు వాక్యం ఒక చోట, బొమ్మ ఇంకో చోట తిరగేసుకోవాలి. రాగి మీద చెక్కినవాడికి కోణాలతో పని లేదు, పటంలో గీత ఎటుపోతే అటే ఉలి పోవాలి. పటం పక్కన అంకెల పట్టికలు లేకపోతే ఆ చెక్కుడులోంచి కోణాన్ని తిరిగి రాబట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో సర్వే శాఖ మొదలయ్యాక పొలానికి పటమూ అంకెలూ ఒకే పేజీలోకి వచ్చాయి. ఇప్పుడు ఆ పేజీ కాలం చెల్లుతోంది. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వే డ్రోన్లతో, రోవర్లతో నడిచింది. ఎఫ్‌ఎంబీ స్థానంలో ఎల్‌పీఎం, అంటే ల్యాండ్ పార్సిల్ మ్యాప్, వచ్చింది. ల్యాడర్ బదులు ప్రతి మూలకూ అక్షాంశ రేఖాంశాలు. ఇద్దరు ముగ్గురి పొలాలను కలిపేసిన జాయింట్ ఎల్‌పీఎంల మీద రైతుల అర్జీలు కుప్పలు పడ్డాయి. అది వేరే కథ, వేరే పత్రికకు సరిపోయేంత పెద్ద కథ.

పుస్తకాల్లోకి వస్తే దారి అంత సాఫీగా లేదు. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహంలో క్షేత్రగణితానికి ఒక పూర్తి అధ్యాయం ఉంది. పనికి సరిపోయే స్థూల వైశాల్యం వేరు, కచ్చితమైన సూక్ష్మ వైశాల్యం వేరు అని విడదీసి మరీ చెప్పాడు. తర్వాత పావులూరి మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెలుగులో శాస్త్ర గ్రంథాలకు అదే తొలిమెట్టు అంటారు. పద్యంలో క్షేత్రం పేరు, భుజాల కొలతలు, చేయవలసిన లెక్క ఉంటాయి. బొమ్మ చదివేవాడి పని, ఇసుక మీదో పలక మీదో గీసుకోవాలి. రెండు మూడు వేళ్ల వెడల్పున్న తాటాకు మీద గంటంతో త్రిభుజం గీయడం కన్నా, దాని మూడు భుజాలనూ పద్యంలో చెప్పేయడమే తేలిక. ఒక రకంగా చూస్తే ఇదీ ల్యాడరే. కొలత మిగిలింది, ఆకారాన్ని ఎవరికి వారు పుట్టించుకున్నారు.

అచ్చుయంత్రం వచ్చాక తలకిందులైంది. 1482లో వెనిస్‌లో ఎర్హార్డ్ రాట్‌డోల్ట్ యూక్లిడ్‌ను మొదటిసారి అచ్చు వేసినప్పుడు వందల బొమ్మలను పేజీ అంచుల్లో సర్దాడు. ఐరోపాలో అది సంచలనం. అప్పటి నుంచి దాదాపు ఐదు వందల ఏళ్లు గణితం రాసేవాడు ఒకడు, బొమ్మ గీసేవాడు మరొకడు, దాన్ని అచ్చులోకి దించేవాడు ఇంకొకడు.

తెలుగు అచ్చాఫీసుల్లో ఆ మూడో మనిషి పేరు బ్లాక్ మేకర్. ఇరవయ్యో శతాబ్దంలో చాలాకాలం పద్ధతి ఇదీ: రచయిత పెన్సిలుతో చిత్తు బొమ్మ ఇస్తాడు. ఆర్టిస్టు దాన్ని ఇండియన్ ఇంకుతో, అచ్చులో పడవలసిన సైజు కన్నా పెద్దదిగా, దళసరి కాగితం మీద గీస్తాడు. పెద్దదిగా ఎందుకంటే కెమెరాతో కుదించినప్పుడు చేతి వణుకు కూడా కుదించుకుపోతుంది. ఆ నెగటివ్‌ను జింకు రేకు మీదికి ఎక్కించి, గీతలు కాని చోటునంతా ఆమ్లంతో తినిపిస్తారు. మిగిలిన రేకును చెక్క దిమ్మకు మేకులతో బిగిస్తే సీసపు అక్షరాలతో సమానమైన ఎత్తుకు వస్తుంది. కంపోజిటర్ దాన్ని ఫారంలో ఇరికించి చుట్టూ అక్షరాలు పేరుస్తాడు. ధర చదరపు అంగుళాల లెక్కన. దాంతో బొమ్మ ఎంత కుంచించుకుపోతే ప్రచురణకర్తకు అంత లాభం, పిల్లల కళ్లకు అంత నష్టం.

1968లో తెలుగు అకాడమీ ఏర్పడ్డాక ఇంటర్, డిగ్రీ గణితం తెలుగులో పెద్దఎత్తున అచ్చవడం మొదలైంది. పారిభాషిక పదాల మీద పెట్టిన శ్రద్ధ గురించి చాలామంది రాశారు. బొమ్మల గురించి రాసినవాళ్లు అరుదు. వైశ్లేషిక రేఖాగణితం పుస్తకంలో పరావలయం అసలు ఆకారం సమీకరణం నిర్ణయించాలి. బ్లాకులో మాత్రం దాన్ని నిర్ణయించింది ఆర్టిస్టు చేతిలోని ఫ్రెంచ్ కర్వ్. నాభి కొంచెం అటు జరిగినా, నియత రేఖ కొంచెం ఇటు వచ్చినా పట్టుకునే నాథుడు లేడు. తప్పు దొరికితే కొత్త బ్లాకు చేయించాలి, అంటే డబ్బు, అంటే తప్పు అలాగే రెండో ముద్రణకూ పోయేది.

బడుల్లో అంత వైభవం కూడా లేదు. యూనిట్ టెస్టు ప్రశ్నపత్రాలకు సైక్లోస్టైల్ యంత్రమే గతి. మైనపు స్టెన్సిల్ మీద మాస్టారు ఉక్కు మొన ఉన్న పెన్నుతో నొక్కి రాస్తే, గీరుకున్న చోట మైనం పోయి సిరా దిగుతుంది. అక్షరాల వరకూ ఫరవాలేదు. సరళరేఖ కూడా స్కేలు ఆనించి ఎలాగో లాగించవచ్చు. వృత్తం వచ్చిందంటే గండమే. వృత్తలేఖినితో చుట్టూ తిప్పేటప్పుడు గీత మొదలూ చివరా కలిసే చోట స్టెన్సిల్ చిరిగితే మధ్య ముక్క ఊడి, ప్రశ్నపత్రంలో వృత్తం బదులు నల్లటి పున్నమి చంద్రుడు పడేవాడు. ముల్లు గుచ్చిన చోట ఎలాగూ బొక్క పడుతుంది కాబట్టి వృత్తకేంద్రం ఒక్కటి మాత్రం ఎప్పుడూ స్పష్టంగా కనిపించేది. చాలా మంది మాస్టార్లు బొమ్మ జోలికే పోకుండా ‘ఒక వృత్తానికి బాహ్య బిందువు నుంచి’ అంటూ మాటల్లోనే ప్రశ్నను పూర్తిచేసేవారు. పావులూరి మల్లన పద్ధతే అది, మైనం కాగితం పుణ్యమా అని తిరిగొచ్చింది.

విశ్వవిద్యాలయాల్లో పరిశోధకులకు ఇంకో తిప్పలు. అనంతపురంలో 1940ల నుంచి ఇంజనీరింగ్ కళాశాల ఉంది, 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం వచ్చింది. ఆ తరం గణిత థీసిస్ ఏ ఊళ్లో తయారైనా ఒకటే తంతు. టైపిస్టు గ్రీకు అక్షరాలకూ బొమ్మలకూ ఖాళీలు వదిలేవాడు. పరిశోధకుడు ఆ ఖాళీల్లో సమాకలన గుర్తులను చేత్తో రాసి, బొమ్మలను ట్రేసింగ్ పేపరు మీద రాట్రింగ్ పెన్నుతో గీసుకునేవాడు. ఇంజనీరింగ్ స్నేహితుడుంటే అదృష్టం. మినీ డ్రాఫ్టర్ అతని దగ్గర ఉంటుంది.

ఈ బాధ అమెరికాలో ఒక ప్రొఫెసరుకు మరీ ఎక్కువగా తగిలింది. స్టాన్‌ఫర్డ్‌లో డొనాల్డ్ క్నూత్ 1977లో తన ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్ రెండో సంపుటం కొత్త ముద్రణ ప్రూఫులు చూసి, సీసపు అక్షరాల కాలంలో ఉన్న అందం పోయిందని మనసు విరిగి, అచ్చు పనిని తానే ప్రోగ్రాము రాసి సరిచేద్దామనుకున్నాడు. కొన్ని నెలల్లో అయిపోతుందనుకున్న పని పదేళ్లు పట్టింది. అలా పుట్టింది టెక్. సమీకరణాలను అంత అందంగా పేర్చే సాధనం అప్పటికి లేదు, ఇప్పటికీ దానిదే పైచేయి. కానీ క్నూత్ టెక్‌లో బొమ్మలకు చోటు పెట్టలేదు. బయటి నుంచి బొమ్మను తెచ్చి అతికించుకోవడానికి ఒక చిన్న కిటికీ మాత్రం వదిలాడు. తర్వాతి నలభై ఏళ్ల గొడవంతా ఆ కిటికీ దగ్గరే.

1980లలో లెస్లీ లాంపోర్ట్ టెక్ మీద కట్టిన లేటెక్‌లో బొమ్మలకని ఒక పిక్చర్ వాతావరణం ఉండేది. గీతలను అది చిన్న చిన్న గీత ముక్కలున్న ఫాంట్ అక్షరాలతో పేర్చేది. అందువల్ల వాలులన్నీ దాని దగ్గర లేవు. వాలు రెండు పూర్ణాంకాల నిష్పత్తిగా ఉండాలి, ఆ పూర్ణాంకాలు ఆరు దాటకూడదు. ఈ నిబంధన ఎంత చేటు తెచ్చిందో తెలుసుకోవాలంటే యూక్లిడ్ మొదటి ప్రతిపాదన ప్రయత్నిస్తే చాలు: ఇచ్చిన రేఖాఖండం మీద సమబాహు త్రిభుజం నిర్మించడం. అరవై డిగ్రీల గీతకు వాలు 1.732. ఆరు దాటని పూర్ణాంకాలతో దానికి దగ్గరగా వచ్చేది ఐదు బై మూడు, అంటే 59.04 డిగ్రీలు. ఇక వృత్తాలు: ఫాంటులో ఉన్న పెద్ద వృత్తం వ్యాసం 40 పాయింట్లు, దాదాపు 14 మిల్లీమీటర్లు. యూక్లిడ్ నిర్మాణంలో వృత్త వ్యాసార్థమే త్రిభుజ భుజం కాబట్టి భుజం ఏడు మిల్లీమీటర్లు మించదు. రెండు వేల మూడు వందల ఏళ్ల నాటి మొదటి పాఠాన్ని, ప్రపంచంలోకెల్లా గొప్ప గణిత ముద్రణ సాధనం సరిగ్గా గీయలేకపోయింది. లాంపోర్ట్ 1994 నాటి తన పుస్తకంలోనే ఈ హద్దులు తీసేసే ప్యాకేజీ వస్తుందని చెప్పాడు. అది చేతికి రావడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

ఈలోగా 1984లో అడోబీ పోస్ట్‌స్క్రిప్ట్ వచ్చి దారి మార్చింది. పేజీ అంటే చుక్కల పటం కాదు, గీతలు ఎలా గీయాలో చెప్పే ప్రోగ్రాము అన్నది దాని ఆలోచన. ధర్మవరం మగ్గాల మధ్య పెరిగినవారికి ఇది వింతేమీ కాదు. అక్కడ చీర అంచు మీద హంసను ముందు గ్రాఫు కాగితం మీద గళ్లు గళ్లుగా నింపుతారు, ఏ గడి నిండిందో ఏది ఖాళీయో చూసి అట్టలకు బెజ్జాలు కొడతారు, ఆ అట్టల వరసే జాకార్డుకు ఏ పడుగు పోగు లేపాలో చెబుతుంది. 1804 ప్రాంతంలో ఫ్రాన్సు లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జాకార్డ్ తెచ్చిన ఈ ఏర్పాటును చూసే చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అట్టలు వాడుదామనుకున్నాడు. బొమ్మను ఆజ్ఞలుగా రాయడం కంప్యూటరుకన్నా ముందే మగ్గం మీద ఉంది.

పోస్ట్‌స్క్రిప్ట్ వచ్చాక గణితం రాసేవాళ్లు రెండు శిబిరాలయ్యారు. ఒక శిబిరం మౌసుతో గీస్తుంది. యూనిక్స్ యంత్రాల మీద 1985 నాటి ఎక్స్‌ఫిగ్, తర్వాత ఓట్‌ఫ్రీడ్ చాంగ్ రాసిన ఇపే, 2003 నుంచి ఇంక్‌స్కేప్ ఈ దారివి. కంటితో చూస్తూ గీసుకోవచ్చు, తొందరగా అవుతుంది. రెండో శిబిరం ఆజ్ఞలు రాస్తుంది. క్నూత్ శిష్యుడు జాన్ హాబీ బెల్ ల్యాబ్స్‌లో చేసిన మెటాపోస్ట్ వీటిలో కులీనమైనది. అందులో బిందువు ఎక్కడుందో చెప్పక్కర్లేదు, దాని గురించి తెలిసిన సమీకరణాలు చెబితే అదే సాధించుకుంటుంది. ఫలానా బిందువు ఈ గీత మీదా ఉంది, ఆ గీత మీదా ఉంది అంటే చాలు, ఖండన బిందువు దొరుకుతుంది. లెక్కల మాస్టారు నల్లబల్ల ముందు మాట్లాడే భాష అదే. క్నూత్ తన పుస్తకాల బొమ్మలకు దాన్నే ఎంచుకున్నాడు.

అయినా గెలిచింది మెటాపోస్ట్ కాదు. 1990లలో ఎక్కువమంది పట్టుకున్నది టిమొతీ వాన్ జాండ్ట్ అనే ఆర్థికశాస్త్రవేత్త రాసిన పీఎస్‌ట్రిక్స్. టెక్ ఫైలు మధ్యలోనే బొమ్మ ఆజ్ఞలు రాసుకోవచ్చు, వేరే ఫైలు, వేరే ప్రోగ్రాము అక్కర్లేదు. అది పోస్ట్‌స్క్రిప్ట్ భుజాల మీద నిలబడిన సాధనం. హాన్ థే థాన్ చేసిన పీడీఎఫ్‌టెక్‌తో జనం నేరుగా పీడీఎఫ్ తీయడం అలవాటు చేసుకున్నాక ఆ భుజాలు మాయమయ్యాయి. ఆ ఖాళీలోకి జర్మనీలోని ల్యూబెక్ విశ్వవిద్యాలయపు కంప్యూటర్ సైన్సు ఆచార్యుడు టిల్ టాంటౌ నుంచి 2005లో టిక్‌జెడ్ వచ్చింది. తన డాక్టరేట్ థీసిస్ బొమ్మల కోసం మొదలుపెట్టిన పనిని పెంచి లోకానికిచ్చాడు. పోస్ట్‌స్క్రిప్ట్ దారిలోనూ, పీడీఎఫ్ దారిలోనూ నడుస్తుంది. పరిశోధన పత్రాలను మూల ఫైలుతో సహా తీసుకుని తన దగ్గరే కంపైల్ చేసే ఆర్కైవ్ భాండాగారానికి పంపినా ఇబ్బంది లేదు.

టిక్‌జెడ్ మాన్యువల్ వెయ్యి పేజీలు దాటింది. దాన్ని చూసి వెనక్కి తగ్గినవాళ్లు తక్కువేం కాదు. అందులో ఒక పాఠం సరిగ్గా యూక్లిడ్ మొదటి ప్రతిపాదన మీదే: రెండు బిందువులు పెట్టు, రెండిటి చుట్టూ వృత్తాలు గీయి, వృత్తాలు ఖండించుకున్న చోటుకు ఒక పేరు పెట్టు, అక్కడి నుంచి రెండు గీతలు లాగు. మొదటి బిందువును జరిపితే త్రిభుజం మొత్తం దానితోపాటు జరుగుతుంది, సమబాహుత్వం చెడదు. కొలత ఒక్కటే కాదు, బిందువుల మధ్య బంధుత్వం కూడా బొమ్మలోనే ఉంది. ఎఫ్‌ఎంబీ ల్యాడర్ ఈ రెండో పని చేయలేదు. అలాన్ మాథెస్ రాసిన టీకేజెడ్-యూక్లైడ్ ప్యాకేజీ ఇంకో అడుగు ముందుకేసి పరివృత్తం, అంతర్‌వృత్తం, స్పర్శరేఖ వంటి వాటికి నేరుగా ఆజ్ఞలిచ్చింది. ఘనాకృతులు, ఉపరితలాలు కావాలంటే 2004 నుంచి వస్తున్న ఆసింప్టోట్ మేలు. టిక్‌జెడ్‌తో గోళాన్ని గీయవచ్చు గానీ వెనుక గీతలు ఎక్కడ దాగాలో మనమే చెప్పాలి, ఆసింప్టోట్ తానే లెక్కగట్టుకుంటుంది.

ఇదంతా ఇంగ్లీషులో రాసే పరిశోధకుల సంగతి. తెలుగు గణిత పుస్తకం ఈ వీధిలోకి చాలా ఆలస్యంగా వచ్చింది, ఇంకా పూర్తిగా రాలేదు. బ్లాకుల కాలం పోయాక ఆంధ్రదేశంలో డీటీపీ సెంటర్లు వచ్చాయి. అక్కడ రాజ్యం పేజ్‌మేకర్‌ది, దాని పక్కన అను ఫాంట్లు, బొమ్మలకు కోరెల్‌డ్రా. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, తర్వాత అడోబీ దాన్ని పక్కన పెట్టేసింది. తెలుగు పుస్తకాలు, గైడ్లు, ప్రశ్నపత్రాలు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం దాన్ని వదల్లేదు. ఆపరేటరు వేగం అందులో ఉంది, పాత ఫైళ్లన్నీ అందులో ఉన్నాయి.

కోరెల్‌డ్రాలో వృత్తమూ స్పర్శరేఖా గీయడం క్షణాల పని. ఆ గీత వృత్తాన్ని నిజంగా ఒకే బిందువు దగ్గర తాకుతోందా అన్నది ఆపరేటరు కంటి చూపు మీద ఆధారపడుతుంది. పెద్దదిచేసి చూస్తే ఒక చోట వెంట్రుకవాసి దూరంగా ఉంటుంది, ఇంకో చోట వృత్తంలోకి చొరబడి ఉంటుంది. అచ్చులో తెలియదు కదా అని వదిలేస్తారు. బొమ్మ కింద ‘స్కేలుకు గీయలేదు’ అని ఒక మాట పడేస్తే పాపం తీరిపోతుంది. మరుసటి ఏడాది ప్రశ్నలో ఐదు సెంటీమీటర్లను ఆరు చేస్తే, బొమ్మ అలాగే ఉండి అంకె ఒక్కటే మారుతుంది. బ్లాక్ మేకర్ పోయాడు గానీ బ్లాకు పోలేదు, జింకు నుంచి హార్డ్‌డిస్కులోకి మకాం మార్చింది. అదే బొమ్మను టిక్‌జెడ్‌లో రాసి ఉంటే, వ్యాసార్థం ఒక్కచోట మారిస్తే గీత, అంకె, లంబకోణ గుర్తు అన్నీ మారిపోయేవి.

ఫాంట్ల బెడద వేరే. అను ఫాంట్లు యూనికోడ్ వాడుకలోకి రాకముందు పుట్టినవి, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చున్నవి. కోరెల్‌డ్రా బొమ్మలో ‘వ్యాసార్థం’ అని రాసిన చోట, ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం కాని ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరతాయి. మన పాఠ్యపుస్తకాల్లో శీర్షాలకు ఏ, బీ, సీ అని ఇంగ్లీషు అక్షరాలే పెడతారు కాబట్టి గండం సగం తప్పింది. కర్ణం, స్పర్శరేఖ, అక్షం, ఎత్తు లాంటి మాటలు బొమ్మ లోపలికి వచ్చినప్పుడే చిక్కు.

టెక్ వైపు తెలుగు ప్రయత్నాలు చాలా ముందే మొదలయ్యాయి. 1990ల మొదట్లో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువాళ్లు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని రూపొందించారు. క్నూత్ ఫాంట్ల కోసం చేసిన మెటాఫాంట్‌తో తెలుగు అక్షరాలు గీసి, తెలుగుటెక్ పేరుతో పంచినవారు ఉన్నారు. అప్పట్లో ముందు ఒక ప్రోగ్రాము తెలుగు పాఠాన్ని నమిలి టెక్‌కు అందించాలి, బొమ్మ లోపలి మాటలకు ఆ దారి నరకం. యూనికోడ్ స్థిరపడి, తిరుమల కృష్ణ దేశికాచార్యుల పోతన, వేమన ఫాంట్లు జనానికి అందాక, 2004లో జొనాథన్ క్యూ యూనికోడ్‌ను నేరుగా చదివే జీటెక్ తెచ్చాక ముడి విడింది. టిక్‌జెడ్ బొమ్మలోని మాటను టెక్ చేతే కూర్పిస్తుంది గనక, పేజీలో తెలుగు సరిగా వస్తే బొమ్మలోనూ సరిగా వస్తుంది. ఒత్తులు విడిపోవు, గుణింతాలు జారిపోవు. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న కవి పేరు పెట్టుకున్న ఫాంటుతో, కదిరి దారిలోనే ఉన్న ముదిగుబ్బ బడికి ప్రశ్నపత్రం తయారవడానికి సాంకేతికంగా ఇప్పుడు అడ్డంకి ఏదీ లేదు. టెక్‌కు మరో రూపమైన లూవాటెక్‌లోనూ అక్షరాలను సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ చేరాక రెండో దారి కూడా తెరుచుకుంది.

అడ్డంకి అలవాటు దగ్గర ఉంది. రేపు పొద్దున పరీక్ష పెట్టాల్సిన మాస్టారు వెయ్యి పేజీల మాన్యువల్ ముందు కూర్చోడు, కూర్చోమనడం న్యాయమూ కాదు. అలాంటివారికి ఆస్ట్రియాలో మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో విద్యార్థిగా మొదలుపెట్టిన జియోజిబ్రా సరిపోతుంది. ఉచితం, మౌసుతో పని, పైగా నిర్మాణాన్ని గుర్తుపెట్టుకుంటుంది: బాహ్య బిందువును పట్టి లాగితే స్పర్శరేఖలు వృత్తాన్ని వదలకుండా వెంట తిరుగుతాయి. తయారైన బొమ్మను టిక్‌జెడ్ ఆజ్ఞలుగా, పీఎస్‌ట్రిక్స్‌గా, ఆసింప్టోట్‌గా కూడా బయటికి ఇస్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బయటికి వచ్చిన ఆజ్ఞల్లో స్పర్శరేఖ అన్న సంగతి ఉండదు, రెండు బిందువుల మధ్య గీత అని మాత్రమే ఉంటుంది, ఆ బిందువుల స్థానాలు దశాంశాల్లో ఉంటాయి. రెండు రూట్ మూడు కాస్తా 3.46గా మారిపోతుంది. ఆ ఫైలులో వృత్తం వ్యాసార్థం మారిస్తే గీతలు ఉన్నచోటే ఉండిపోతాయి. అందుకే జియోజిబ్రా వాడేవాళ్లు అచ్చుకు ఇచ్చే ఫైలుతోపాటు దాని మూల ఫైలును కూడా అదే ఫోల్డరులో పెట్టుకుని, వచ్చే ఏడాది ప్రశ్న మార్చాల్సివచ్చినప్పుడు మూల ఫైలునే తెరుస్తారు.